తెరచియున్న ద్వారములు: మావియు, ప్రేగును వైరసులను నిలుపు తీరు

(ఎల్లాప్రగడ సుబ్బారావుగారి స్మారకోపన్యాస పాఠము)



 1895 లో భీమవరమున జన్మించి, మద్రాసు వైద్యకళాశాలలో చదివి, 1922 లో బోస్టను నగరము చేరి, హార్వర్డులో కండరముల శక్తికి మూలమైన ఫాస్ఫరస్ సమ్మేళనములపై పరిశోధించి, అటుపిమ్మట లెడర్లీ ప్రయోగశాలలయందు ఫోలిక్ ఆమ్లమును, బోదవ్యాధికి వాడు హెట్రజానును, ఆరియోమైసినును లోకమున కందించిన కృషికి నాయకత్వము వహించి, 1948 లో ఏబదిమూడేండ్ల ప్రాయముననే కన్నుమూసిన ఎల్లాప్రగడ సుబ్బారావు అను ఆంధ్రుని జీవితకథ ఈ సభలోనివారికి చిరపరిచితము. ఆ కథలోని ఒక్క ఘట్టమును మాత్రము, అది నేటి విషయమునకు మూలమగుటచేత, మీకు జ్ఞాపకము చేయగోరుచున్నాను.

సుబ్బారావుగారి యౌవనమున ఆయన సోదరు లిద్దరు స్వల్పవ్యవధిలో స్ప్రూ అను ప్రేగువ్యాధికి ఆహుతియైరి. తినిన అన్నము ఒంటబట్టక, నాలుక పుండై, విరేచనములు కట్టువడక మనుష్యుడు నానాటికి శుష్కించిపోవు ఆ వ్యాధికి ఆనాడు మందు లేదు. 1928 లో భారతదేశమునకు వచ్చిన లూసీ విల్స్ అను ఆంగ్లవైద్యురాలు, బొంబాయి బట్టలమిల్లులలో పనిచేయు పేద గర్భిణులను పీడించుచున్న ఒకానొక దారుణ రక్తహీనతను పరిశీలించి, ఈస్టునుండి తీసిన సారముతో దానిని నయము చేయవచ్చునని కనుగొనిరి. ఆ సారమునందలి గుణమునకు కారణమైన ఫోలిక్ ఆమ్లమును 1945 నాటికి సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ బృందము ప్రయోగశాలలో నిర్మించినది. మరుసటి ఏటికే అది స్ప్రూ రోగులను మరణముఖమునుండి మరలించినది. గర్భధారణకు ముందునుండియే ఆ ఆమ్లమును సేవించిన తల్లుల బిడ్డలలో వెన్నునాడి లోపములు నాలుగింట మూడువంతులవరకు తగ్గునని 1991 లో బ్రిటనునందు రుజువైనది. ఇట్లు ఒక్క విటమిను ప్రేగురోగి చరిత్రను, గర్భిణి చరిత్రను కలిపినది. అది యాదృచ్ఛికము కాదు. ఫోలిక్ ఆమ్లము మన దేహమున ప్రవేశించు ద్వారము చిన్నప్రేగు. తల్లినుండి గర్భస్థశిశువునకు చేరు ద్వారము మావి. ఈ రెండు ద్వారములగుండ పోషకములతోపాటు వైరసులును ప్రవేశింప యత్నించుచుండగా, ఆ ద్వారములు వానిని ఎట్లు నిలువరించుచున్నవో విచారించుటయే నేటి ప్రసంగవిషయము.

లోకముతో రాకపోకలు లేక ఏ దేహమును జీవింపదు. ఆహారము రావలెను, ప్రాణవాయువు రావలెను, మలినము వెడలవలెను. చర్మము మందముగా నుండవచ్చును. ఏలయన చర్మముగుండ మనము భుజింపము. ప్రేగు లోపొర యట్లు గాదు. అది ఒకే ఒక వరుస కణములతో నిర్మితమై, తన వెలుపలి ప్రక్క కోటానుకోట్ల సూక్ష్మజీవులను, లోపలి ప్రక్క రక్తనాళములను పెట్టుకొని యున్నది. మావియందు తల్లిరక్తమునకును బిడ్డరక్తమునకును నడుమ నెలలు నిండునాటికి మిగులు తెర, మిల్లీమీటరును వేయిభాగములు చేసినచో వానిలో నాలుగైదు భాగముల మందము మాత్రమే. అంత పలుచనైనగాని పోషణము సాగదు. అంత పలుచన యగుటచేతనే అపాయమును దాపుననే యుండును. ద్వారమును మూసికొన్న దేహము బ్రతుకదు. కావలి లేక తెరచివిడిచిన దేహమును బ్రతుకదు. కనుక నా ప్రతిపాదన యేమనగా, ఈ రెండు అవయవములయందును రక్షణము అడ్డుగోడవలన సమకూడినది కాదు. ద్వారము తెరచియుండగానే, ద్వారమునందలి కణములే స్వయముగా కావలి కాయుటవలన సమకూడినది. రోగనిరోధశక్తి యనగా రక్తములోని తెల్లకణముల పరాక్రమమే యని తలచు అలవాటు మనకు చిరకాలమునుండి యున్నది. ఆ అలవాటును కొంత సడలించుకొన్నగాని ఈ విషయము బోధపడదు.

మొదట మావిని గూర్చి చెప్పెదను. మన పల్లెలలో దీనిని ఇంటి ఆవరణలో పాతిపెట్టుట ఆచారము. ఆసుపత్రులలో వ్యర్థపదార్థములతోపాటు తొలగించుట పద్ధతి. ప్రసవానంతరము దానిని పళ్లెరములో నుంచి, ముక్క ఏదైన లోపల నిలిచిపోయినదేమో యని చూచు రెండు నిమిషములతో దాని కథ ముగియుచున్నది. ఆ రెండు నిమిషములలో చూచినదే యైనను సామాన్యమైనది కాదు. అరకిలో బరువు గల ఆ మాంసపుబిళ్లకు రెండు ముఖములుండును. బిడ్డవైపు ముఖము నున్నగా, మెరయుచు, బొడ్డుతాడు మొదటినుండి నలుగడల ప్రాకిన నీలిరక్తనాళములతో నుండును. తల్లివైపు ముఖము ముదురెరుపై, గరుకై, పదునైదు ఇరువది తమ్మెలుగా విడివడియుండును. ఆ తమ్మెలలో ఒకదాని చిన్న తునకను ఉప్పునీటిలో వేసినచో, అంతవరకు ముద్దగా కనబడినది విచ్చుకొని, వెంట్రుకలకంటె సన్నని వేలకొలది అంకురములుగా తేలును. అన్ని అంకురముల ఉపరితలమును కలిపి లెక్కించినచో పండ్రెండు చదరపు మీటర్లకు తక్కువ గాదు. తల్లిరక్తము గర్భాశయపు ధమనులనుండి వెలువడి ఈ అంకురములను నేరుగా తడుపుచు ప్రవహించును. తల్లిరక్తమున ఏ వైరసు తిరుగుచున్నను అది మొట్టమొదట తాకునది ఈ ఉపరితలమునే.

సూక్ష్మదర్శినిక్రింద ఈ ఉపరితలమును చూచినవారి కొక వింత గోచరించును. దేహమున ఎచ్చటనైనను పైపొర యనగా ప్రక్కప్రక్కన పేర్చిన కణములు, వాని నడుమ సందులు, ఆ సందులను బిగించు బంధములు. ఇచ్చట సందులే లేవు. కణములన్నియు ఒకదానిలో నొకటి లీనమై, లెక్కకు మిక్కిలియగు కేంద్రకములు గల ఒకే అఖండమైన జీవద్రవ్యమై, అంకురములన్నిటిని కప్పియున్నవి. దీనికి శాస్త్రజ్ఞులు సిన్‌సిటియోట్రోఫోబ్లాస్ట్ అని పేరిడిరి. సందులలో దూరి లోనికి పోవు సూక్ష్మజీవులకు ఇచ్చట సందు దొరకదు. సందు లేకపోవుటయే రక్షణమైనచో అది గోడయే యగునుగదా యని మీకు తోచవచ్చును. వైద్యలోకమును చాలకాలము అట్లే తలచినది.

మావి శిశువును సమస్తమైన కీడునుండియు కాపాడు అభేద్యమైన అడ్డుతెర యను నమ్మకము ఇరువదవ శతాబ్ది నడిమివరకు బలముగా నుండినది. ఆ నమ్మకమును మొదట కదలించినవాడు సిడ్నీ నగరమునందలి నార్మన్ గ్రెగ్ అను నేత్రవైద్యుడు. 1940 లో ఆస్ట్రేలియాలో జర్మన్ తట్టు, అనగా రుబెల్లా, విస్తారముగా వ్యాపించినది. పిల్లలకు వచ్చినచో రెండుమూడు దినముల జ్వరము, పలుచని దద్దు, అంతటితో పోవు వ్యాధి యది. మరుసటి సంవత్సరము గ్రెగ్ ఎదుటికి పుట్టుకతోనే కంటిలో శుక్లములు గల పసిబిడ్డలు ఒకరివెంట నొకరు రాసాగిరి. ఆయన ఆ తల్లుల మాట విన్నాడు. గర్భము ధరించిన తొలినెలలలో తమకు తట్టు వచ్చినదని వారు చెప్పుచుండిరి. తోటివైద్యులనుండి కూడ సేకరించి 78 మంది శిశువుల వృత్తాంతమును 1941 లో ఆయన ప్రకటించెను; వారిలో 68 మంది తల్లులకు గర్భకాలమున జర్మన్ తట్టు సోకియుండెను. అంతటితో లోకము ఒప్పుకొనలేదు. లండనులోని ప్రసిద్ధ వైద్యపత్రిక 1944 లో సైతము విషయము రుజువు కాలేదనియే వ్రాసినది. 1951 లో లాంకాస్టర్ అను గణాంకశాస్త్రజ్ఞుడు ఆస్ట్రేలియా జనాభాలెక్కలలోని బధిరుల జన్మసంవత్సరములను పరిశీలించి, రుబెల్లా వ్యాపించిన ఏడుల వెంటనే బధిరుల సంఖ్య పెరిగినదని చూపినపిమ్మట గాని సందేహములు సమసిపోలేదు. తల్లుల మాటను ఆలకించిన ఒక వైద్యుని ఓర్పు ఆనాటి ప్రామాణికగ్రంథముల నిశ్చయముకంటె గొప్పదైనదని నేను భావించుచున్నాను.

1964, 65 సంవత్సరములలో అమెరికాలో రుబెల్లా వ్యాపించి సుమారు 20,000 మంది శిశువులను వైకల్యములతో లోకమునకు తెచ్చినది. 1947 లో ఉగాండా అడవిలో ఒక కోతి రక్తమున మొదట కనబడి, దశాబ్దములపాటు అంతగా ఎవరి దృష్టికిని ఆనక తిరిగిన జికా వైరసు, 2015 లో బ్రెజిల్‌లో బయటపడి, తలలు కృశించిన పసికందులను తల్లుల ఒడిలో పెట్టినది. ఈ సంఘటనల తరువాత వైద్యలోకము మరియొక అంత్యమునకు పోయి, మావి యనగా తూట్లుపడిన తెర యని మాటాడ మొదలిడినది. అదియు సత్యము కాదు. అడుగవలసిన ప్రశ్న వేరొకటి కలదు. గర్భకాలమున స్త్రీకి జలుబులు, ఇన్‌ఫ్లుయెంజాలు, ప్రేగువైరసులు ఎన్నియో సోకుచునేయుండును. వానిలో శిశువును చేరునవి వ్రేళ్లమీద లెక్కింపదగినవి మాత్రమే. కొన్నిటికి దారి దొరకినదేల యని అడిగినంత శ్రద్ధతో, తక్కినవానికి దారి దొరకలేదేల యని మనము చాలకాలము అడుగలేదు.

ఆ ప్రశ్నకు వచ్చిన సమాధానములలో మొదటిది పరమాశ్చర్యకరమైనది. సందులు లేని ఆ అఖండమైన పొర ఏర్పడుటకు కణములను కలిపివేయు ఒక ప్రోటీను కావలెను. 2000 సంవత్సరమున ఆ ప్రోటీను దొరకినది. దానికి సిన్‌సిటిన్ అని పేరు. దాని జన్యువును పరిశీలింపగా అది మానవజన్యువు గాదు. ఏ పూర్వయుగముననో మన వానరపూర్వుల బీజకణములలో చొరబడి, వంశపారంపర్యముగ నిలిచిపోయిన ఒక రెట్రోవైరసు జన్యువు. ఆ వైరసు తాను కణములలో ప్రవేశించుటకై, తన పైపొరను కణపుపొరతో కలిపివేయు ప్రోటీనును తయారు చేసికొనియుండెను. రెండుకోట్ల ఏబదిలక్షల సంవత్సరములకు పూర్వమే ఆ సాధనమును మన పూర్వుల దేహము వశపరచుకొని, కణమును కణముతో కలుపుటకు వినియోగించుకొన్నది. ఎలుకలు, మేకలు, కుందేళ్లు మొదలైన జంతువుల వంశములు కూడ వేర్వేరు కాలములలో, వేర్వేరు రెట్రోవైరసులనుండి ఇట్టి ప్రోటీనులనే స్వతంత్రముగా గ్రహించినవి. ఇది ఇంతటితో నిలువలేదు. అట్టి పురాతన వైరసునుండియే వచ్చిన సప్రెసిన్ అను మరియొక ప్రోటీను మావియందు వెలువడుచు, కొన్ని రెట్రోవైరసులు కణములకు అంటుకొను గ్రాహకమును తానే ఆక్రమించి వానిని నిరోధించునని 2022 లో తేలినది. ఒకనాటి దండయాత్రికుని ఆయుధములు నేడు కావలివారి చేతులలో నున్నవి.

రెండవ సమాధానమును గ్రహించుటకు 1957 వ సంవత్సరమునకు పోవలెను. లండను పరిసరమునందలి మిల్‌హిల్ పరిశోధనసంస్థలో ఐజాక్స్, లిండెన్‌మన్ అను శాస్త్రజ్ఞులు, వేడిచేత చంపబడిన ఇన్‌ఫ్లుయెంజా వైరసును కోడిగ్రుడ్డులోని పిండమును చుట్టియుండు పలుచని పొరపై నుంచిరి. ఆ పొరనుండి వెలువడిన ఏదో పదార్థము, క్రొత్తపొరలను సజీవమైన వైరసునుండి కాపాడినది. దానికి వారు ఇంటర్‌ఫెరాన్ అని నామకరణము చేసిరి. ఈ ఆవిష్కరణమును బోధించునపుడు సాధారణముగా విడిచిపెట్టబడు విషయ మొకటి కలదు. ఆ పొర ఏది? పక్షిపిండమునకు ప్రాణవాయువును తెచ్చియిచ్చు పొర అది. క్షీరదములలో మావి ఏ పొరలనుండి వికసించినదో, ఆ పొరలకు జ్ఞాతియైనది. ఇంటర్‌ఫెరాన్ మొట్టమొదట కనబడినది తెల్లకణములలో గాదు, పిండమునకును బాహ్యలోకమునకును నడుమ నున్న ద్వారమునందు. ఆ సూచనను మనము గ్రహించుటకు అర్ధశతాబ్దికి పైగా పట్టినది.

2003 లో రెండు పరిశోధకబృందములు ఇంటర్‌ఫెరానులలో క్రొత్తదైన మూడవ తెగను కనుగొనినవి. దానికి లామ్డా అని పేరు. పాతతెగకు చెందిన ఇంటర్‌ఫెరాన్ పిలుపును దేహములోని దాదాపు ప్రతి కణమును వినగలదు. లామ్డా పిలుపును వినగల గ్రాహకము ముఖ్యముగా ప్రేగు, ఊపిరితిత్తులు, మావి మొదలైన సరిహద్దు పొరలయందే కలదు. 2016 లో పిట్స్‌బర్గ్ నగరమునందలి కరొలిన్ కోయిన్, యోయెల్ సడోవ్‌స్కీ గారల బృందము, నెలలు నిండిన మావులనుండి తీసిన కణములను పెంచి చూడగా, ఏ వైరసును సోకకయే అవి నిరంతరముగా లామ్డాను వెలువరించుచున్నవని తెలిసినది. ఆ కణములలో జికా వైరసు వృద్ధి పొందలేదు. వానిని పెంచిన ద్రవమును ఇతరకణములపై పోసినచో ఆ కణములకును రక్షణ కలిగినది. దేహములోని సాధారణకణములు శత్రువు వచ్చినపిమ్మట మేల్కొనును. మావి నిద్రించుటయే లేదు.

అదే బృందము 2013 లోనే మరియొక సంగతిని ప్రకటించియుండెను. మానవుని పందొమ్మిదవ క్రోమోజోముపై నలుబదికి పైగా సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏల జన్యువులు ఒకేచోట గుంపుగా నున్నవి. ఈ గుంపు వానరజాతులయందు తప్ప మరెచ్చటను లేదు. దాదాపుగా మావియందు మాత్రమే పనిచేయుచుండును. ఈ సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏలను మావి చిన్నచిన్న పొట్లములలో పెట్టి తల్లిరక్తములోనికి విడుచును. వానిని గ్రహించిన కణములు తమలోని వైరసును తామే జీర్ణించుకొను ప్రక్రియను ప్రారంభించి దృఢపడినవని ప్రయోగములు చూపినవి. గర్భిణియైన తల్లి బిడ్డను కాపాడునని లోకము ఎరుగును. గర్భస్థశిశువుయొక్క అవయవము తల్లిని సైతము కాపాడుటకు పూనుకొన్నదేమో యని తోపించు ఈ ఫలితము నన్ను ఎంతయు కదలించినది.

ఇంత బలమైన ఆయుధములుండగా మావి పాతతెగ ఇంటర్‌ఫెరానునే ఏల నిరంతరము వెలువరింపదు? ఎలుకలపై 2018 లో జరిగిన ప్రయోగము దీనికి సమాధానమిచ్చినది. పాతతెగ ఇంటర్‌ఫెరాన్ పిలుపు మావిలో విజృంభించినపుడు, జికా వైరసుకంటె ఆ ప్రతిఘటనయే మావి నిర్మాణమును చెరచి పిండమును నశింపజేసినది. రక్షణ మితి తప్పినచో రక్షింపబడవలసినది నశించును. లామ్డా పిలుపు సరిహద్దునందే వినబడి, అచ్చటనే అణగిపోవును. రుబెల్లా, సైటోమెగలో, జికా వంటివి ఈ కావలిని తప్పించుకొనుటకు కారణములు ఒకటి గావు. గర్భాశయమున నాటుకొను మావి వ్రేళ్లచోట ఆ అఖండమైన పొర లేదు. సైటోమెగలో వైరసు అచ్చటి కణములను ఆశ్రయించును. రుబెల్లా మావిలోనే స్థావరమేర్పరచుకొని, అంకురములలోని రక్తనాళపు లోపొరను చెరచి, ఆ మార్గమున పిండమును చేరును. తొలి పది వారములలో రుబెల్లా సోకినచో పదింట తొమ్మిదిమంది శిశువులవరకు హాని పొందుదురు. ఐదవ నెల దాటినపిమ్మట ఆ ప్రమాదము చాలవరకు సన్నగిల్లును.

ఇక ప్రేగు. 1908 లో నోబెల్ బహుమానమును పంచుకొన్న మెచ్నికోఫ్, ఎర్లిక్ మహాశయులలో మొదటివారు తెల్లకణములే రక్షకములనియు, రెండవవారు రక్తద్రవమే రక్షకమనియు వాదించియుండిరి. మెచ్నికోఫ్ శిష్యుడు బెస్రెడ్కా ప్యారిస్‌లోని పాస్టర్ సంస్థలో కుందేళ్లకు రక్తవిరేచనపు బాసిలసులను నోటిద్వారా ఇచ్చి, రక్తమున ప్రతిరక్షకములు లెక్కకు రాకున్నను ప్రేగు తనంతట తాను రక్షణ పొందగలదని 1919 నాటికి చూపెను. ఆయన మాటను ఆనాడు పెక్కుమంది చెవిని పెట్టలేదు. ప్రేగు ప్రతిదినము మూడు నుండి ఐదు గ్రాముల ఐజీఏ ప్రతిరక్షకమును వెలువరించుననియు, దేహములోని తక్కిన ప్రతిరక్షకములన్నిటి దినసరి ఉత్పత్తి దీనికి సరికాదనియు తరువాతి తరమువారు తెలిసికొనిరి. సేబిన్ నోటిచుక్కలు పోలియోను ప్రేగునందే అడ్డగింపగల్గుటకు కారణము బెస్రెడ్కా చూపిన ఈ స్థానికరక్షణయే.

ప్రేగు కావలి మావి కావలికంటె భిన్నమైనది. మావి ఏకాంతమున నివసించును. ప్రేగు మహాజనసమ్మర్దమున నివసించును. కోటానుకోట్ల సహవాసజీవులనడుమ అహర్నిశము ఆయుధమెత్తి నిలిచినచో ప్రేగు తన్ను తాను దహించుకొనును. కనుక అది పిలుపు వచ్చినపుడు మాత్రమే లామ్డాను వెలువరించును. ఎలుకలలో ప్రేగు పైపొరకణములు ముఖ్యముగా లామ్డా పిలుపునకును, ఆ పొర క్రిందనున్న కణములు పాతతెగ పిలుపునకును స్పందించునని, ఇట్లు రెండు మండలములు విభజింపబడియున్నవని తేలినది. ప్రతిరక్షకములుగాని, వానిని తయారుచేయు కణములుగాని బొత్తిగా లేని ఎలుకలలో నెలల తరబడి తిష్ఠవేసిన నోరోవైరసు అను ప్రేగువైరసును లామ్డా ఒక్కటే నిర్మూలింపగల్గినదని 2015 లో ప్రకటితమైనది. రక్తములోని సైన్యము లేకున్నను ద్వారమునందలి కావలి చాలినదనుటకు ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యమును నేనెరుగను. దీనికి తోడు ప్రేగుకు త్యాగశక్తి కలదు. దాని లోపొర మూడు నుండి ఐదు దినములలో పూర్తిగా క్రొత్తదగును. 1973 లో మెల్‌బోర్నులో రూత్ బిషప్ బృందము కనుగొనిన రోటావైరసు, అంకురముల కొననున్న ముదురు కణములను పట్టును; సోకిన కణములను ప్రేగు ఊడ్చివేసి, అంకురముల మొదటి గుంటలలో భద్రముగానున్న మూలకణములనుండి క్రొత్తవానిని పైకి పంపును. పసిబిడ్డకు విరేచనములు నాలుగైదు దినములలో కట్టువడుటకు ఇదియొక కారణము. ఆ లోపల బిడ్డ దేహమున నీటిని నిలుపుటయే తల్లికిని, వైద్యునికిని కర్తవ్యము.

ఈ రెండు ద్వారములను కలుపు గ్రాహక మొకటి కలదు. వేల్సులోని బాంగర్ నగరమున బ్రాంబెల్ అను జీవశాస్త్రజ్ఞుడు, తల్లి ప్రతిరక్షకములు బిడ్డకు ఎట్లు చేరునని దశాబ్దములపాటు పరిశోధించి, వానిని గుర్తించి దాటించు గ్రాహక మొకటి యుండి తీరవలెనని ఊహించెను. 1989 లో పాలు త్రాగు ఎలుకపిల్లల ప్రేగులో అది దొరకినది. మానవులలో అదే గ్రాహకము మావియందు నిలిచి, తల్లి జీవితమంతయు సంపాదించిన ఐజీజీ ప్రతిరక్షకములను ఒక్కొక్కటిగ శిశువునకు దాటించును. నెలలు నిండునాటికి బిడ్డ రక్తమున వాని పరిమాణము తల్లిరక్తములోని దానిని మించును. 2019 లో రెండు బృందములు వేర్వేరుగా కనుగొన్న సత్యము: నవజాతశిశువులకు ప్రాణాంతకములు కాగల ఎకోవైరసులు కణములలో ప్రవేశించుటకు వాడుకొనునది సరిగ్గా ఈ గ్రాహకమునే. తల్లి రక్షణ వచ్చు త్రోవయే శత్రువు వచ్చు త్రోవ. దానిని మూయవలెనన్నచో తల్లి యిచ్చు వారసత్వమును కాదనవలెను. ప్రకృతి మూయలేదు. నేను ఆరంభమున చేసిన ప్రతిపాదనకు ఇంతకంటె ప్రత్యక్షమైన నిదర్శనము దొరకదు.

ప్రసవముతో మావి పని ముగియగా, ఆ కర్తవ్యమును తల్లిపాలు స్వీకరించును. తల్లి ప్రేగు తానెదుర్కొన్న సూక్ష్మజీవులను గుర్తుంచుకొని, ఐజీఏను తయారుచేయు కణములను రొమ్మునకు పంపును. ఆ ఐజీఏ ముర్రుపాలలో దట్టముగా నుండి బిడ్డ ప్రేగును పూయును. తల్లి యుండు ఊరిలో, త్రాగు నీటిలో నున్న రోగములకు తగిన రక్షణయే ఆ పాలలో నుండును. ముర్రుపాలు మంచివి కావని పిండి పారబోయు అలవాటు మన పల్లెలలో కొన్నిచోట్ల నేటికిని పూర్తిగా పోలేదు. ఆ గ్రుక్కెడు పాలకు బదులుగా బిడ్డ కీయదగినది ఏ దుకాణమునను దొరకదు.

సుబ్బారావుగారి సోదరులను బలిగొన్న వ్యాధివైపునకు తిరిగి వచ్చెదను. ఏలయన ఆ కథ ముగియలేదు. 1960 ప్రాంతమున ఉత్తరార్కాటు గ్రామములలో స్ప్రూ అంటువ్యాధివలె వ్యాపింపగా, వేలూరు వైద్యులు దానిని పరిశీలించి, రోగము లేనట్లు కనబడు పేదల ప్రేగులలో సైతము అంకురములు కురుచబారి, మొద్దుబారియున్నవని చూచిరి. అదే వేలూరులో జేకబ్ జాన్ గారు, పాశ్చాత్యదేశములలో మూడు మోతాదులకు లొంగిన పోలియో మన బిడ్డలలో ఆ మూడింటికే లొంగుటలేదని చూపిరి. ఆ హెచ్చరికను మన్నించి, అనేకపర్యాయములు చుక్కలు వేసినందుననే 2011 జనవరి తరువాత ఈ దేశమున సహజ పోలియో రోగి లేడు. కలుషితమైన నీటివలన నిరంతరము తాకిడికి గురియగు ప్రేగు, పోషకములను గ్రహించుటలోను, టీకాను గ్రహించుటలోను అలసిపోవుచున్నది. రోటావైరసు టీకా సంపన్నదేశములలో నూటికి ఎనుబదియైదు పాళ్లకు పైగా రక్షణ నీయగా, పేదదేశములలో సగమునకు అటునిటుగా మాత్రమే ఇచ్చుట ఇందుచేతనే యని పలువురు నమ్ముచున్నారు, నేనును నమ్ముచున్నాను.

అయినను ఆ సగమే లక్షల ప్రాణముల విలువ చేయును. ఢిల్లీ ఆసుపత్రిలో పుట్టినబిడ్డలకు సోకియు రోగము కలిగింపక, తరువాతి రోగమునుండి కాపాడిన ఒక రోటావైరసును మహారాజ్ కిషన్ భాన్ గారి బృందము 116ఈ అను పేర గుర్తించినది. దానితో హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ రోటావాక్ టీకాను తయారుచేసినది. తొలియేట నూటికి ఏబదియారు పాళ్ల రక్షణ నిచ్చిన ఆ చుక్కలను 2016 లో ప్రభుత్వము మొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. శుద్ధమైన త్రాగునీరు, మరుగుదొడ్డి సమకూడినచోట అవే చుక్కలు ఇంకను ఎక్కువ పనిచేయునని ఆశించుటకు శాస్త్రాధారమున్నది. ఇంజనీరు, వైద్యుడు ఇచ్చట ఒకే పని చేయుచున్నారు.

మావి విషయమున మన కర్తవ్యము మరింత స్పష్టమైనది. రుబెల్లాను మావి ఆపలేదు; ఆ లోపమును పూరించుటకు టీకా కలదు. 2017 ఆగస్టులో ఉభయ తెలుగు రాష్ట్రములయందును తొమ్మిదినెలల బిడ్డలు మొదలుకొని పదునైదేండ్ల లోపు పిల్లలందరికిని తట్టు రుబెల్లా టీకా వేసిరి; నేడు పసిబిడ్డలకు అది క్రమముగా అందుచున్నది. ఆనాటికే పదునైదేండ్లు దాటిన బాలికలు ఆ కార్యక్రమమునకు వెలుపల మిగిలిపోయిరి. నేడు తల్లులగుచున్నవారిలో పెక్కురు వారే. ఈ సభలోని వైద్యులను, దాదులను, గ్రామారోగ్యకార్యకర్తలను నేను చేతులు జోడించి కోరునది ఇది: మీకడకు వచ్చు ప్రతి యువతిని ఆ టీకా పడినదో లేదో అడుగుడు, పడనిచో గర్భధారణకు కనీసము ఒక నెల ముందుగా వేయించుడు, గర్భిణియైన పిమ్మట అది వేయరాదు కనుక, ముందే అడుగుడు.